గోడలో పొత్రం

లాలాగూడ రైల్వే క్వార్టర్లో
పడమటి కిటికీ ఎన్నడో పని మానేసింది.
కింది అద్దం బెత్తెడెత్తున ఆగి
కర్రముక్క మీద గడ్డం ఆనించుకుని ఉండేది.
పై అద్దం సంగతి ఎవరూ అడగలేదు.
అది గోడలో భాగమనే అనుకున్నాం
నేనూ, నాకు ముందున్న గార్డూ,
ఆయనకు ముందటి డిక్రూజు డ్రైవరు కూడానేమో.

మోనాచారి వచ్చి చట్రాన్ని వేలితో కొట్టి చూశాడు.
"గిది కిటికి గాదు సారూ, బాయి.
పైన గిలక. గిలక మీద తాడు.
తాడు కొసకు గోడల గుండు.
అద్దం మీదికి పోతే గుండు కిందికి పోతది.
నీళ్లకు బదులు గాలి తోడుకునుడు."

చలిదేశంలో పుట్టి ఓడ దిగిన వాడుక.
కింద సందు, పైన సందు వదిలితే
చల్లగాలి కింద దూరి
వేడి పైనుంచి పోతుందని లెక్క.
ఇక్కడికొచ్చి టేకు తొడుక్కుంది,
వానలకు ఉబ్బింది, మే నెలలో గలగలలాడింది.
మనం చేసిందల్లా రంగెయ్యడం.

ఉలితో గీస్తే పొరలు లేచాయి:
నా మీగడ రంగు,
కింద పార్సిల్ ఆఫీసు బూడిద,
దాని కింద సర్కారు ఆకుపచ్చ,
అట్టడుగున ఒక నీలం, ఎవరి ఇష్టమో.

పక్కనున్న చెక్కమూత ఊడదీసి
మోచేతిదాకా చెయ్యి పెట్టాడు.
ఎడమవైపు తుప్పు పట్టిన ఇనుపగుండు.
కుడివైపు వెతికి వెతికి
"గుండు లేదు" అని, ఆగి,
"పొత్రం ఉన్నది" అన్నాడు.

పొత్రమే.
చీర అంచు నాలుగు చుట్లు చుట్టి
పురికొసతో బిగించిన సన్నికల్లు పొత్రం.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను,
సున్నం వాసన.
అల్లం వాసనొస్తుందనుకున్నందుకు సిగ్గేసింది.

ఎవరామె?
ఏ వేసవి మధ్యాహ్నమో
పచ్చడా గాలా అని తేల్చుకుని ఉంటుంది.
లేదూ, కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చేసిందేమో,
నేనే ఎక్కువ అల్లుతున్నానేమో.
తూకం మాత్రం చూసింది.
మోనాచారి రెండు చేతుల్లో రెండూ ఎత్తి
"తులం ఫరక్ లేదు" అన్నాడు.

కొత్తగుండు మోండా మార్కెట్లో దొరుకుతుందట. వద్దన్నాను.
కొత్త నూలుతాడు కట్టి, గిలకకు కొబ్బరినూనె పెట్టాం.
పై అద్దం ఒక్కసారి మూలిగి
నాలుగు వేళ్లమేర దిగి, అక్కడ మొండికేసింది.
"ఎండకాలానికి గంత చాలు."

రాత్రి మౌలాలి వైపు గూడ్సు పోతుంటే
గోడలో పొత్రం చెక్కకు తగిలి
టక్, టక్ మంటోంది.
రేపు గుడ్డ చుట్టమని చెప్పాలి.
చెప్పనేమో.