కాళ్లు పైకి

గాంధీరోడ్డు మలుపులో చెప్పులు కుట్టే చెంగల్రాయుడు
నా జత తిరగేసి చూసినాడు.
"మడమ అరగలా, వేళ్లకాడ అరిగిపోయుండాది.
ఏమ్మా, నడిస్తే ఇట్ల అరగదే" అన్నాడు.
నవ్వి ఊరుకున్నా.
నడిచి అరగదీసింది కాదది.

స్కూటీ నాకు ఎవురూ నేర్పలా.
ఆయన ఒక ఆదివారం యూనివర్సిటీ గ్రౌండులో
వెనకసీటు పట్టుకోని నాలుగడుగులు పరిగెత్తి
"పడతావు, కాళ్లు దించు, కాళ్లు దించు" అని అరిచినాడు.
అంతే నా చదువు.
సోమవారం నుంచి దోసెపిండి యాపారం.

కాళ్లు పెట్టుకునే చోట పదహైదు లీటర్ల క్యాను.
ఇంక కాళ్లకు చోటేది?
రెండు పక్కలా వేలాడేసుకోని
బైరాగిపట్టెడ నుంచి కొర్లగుంట దాకా
నేలని గీసుకుంటా, తోసుకుంటా,
ఒడ్డెక్కిన బాతు మాదిరి పొయ్యేదాన్ని.
బ్రేకుండాదని తెలుసు.
చేతులకి తెలుసు. కాళ్లకి ఎవురు చెప్పినారు?

ఏడేళ్లు.

లీలామహల్ కాడ, వానలో, పాదం మెలిపడి
చీలమండ బూరె మాదిరి పొంగింది.
పక్కింటి షమీనా, నర్సింగు చదివే పిల్ల,
కట్టు కడతా అడిగింది,
"బండికి బ్రేకులుండంగా
మీ కాళ్లకెందుకు ఆంటీ ఆ పని?"

ఇనప స్టాండు ఏయించి క్యాను వెనక్కి మార్చినాం.
ముందర జాగా ఖాళీ.
తెల్లారి అయిదుకి మళ్లీ అదే గ్రౌండు.
"కాళ్లు పైకి ఆంటీ."
పెట్టినాను.
బండి కదిలింది, కాళ్లు దిగినాయి.
మళ్లీ పెట్టినాను, మళ్లీ దిగినాయి,
చెప్పాపెట్టకుండా దిగే చుట్టాల మాదిరి.

రాని పనికి ఎవురో ఒకరు గురువు దొరకతారు.
వొంకరగా వొచ్చిన పనిని వొదిలించేదానికి
ఎవురి కాళ్లు పట్టుకోవాల?
నా కాళ్లే.
బ్రేకు నొక్కే లోపలే
పాదం గాలిలో నేలని వెతుకుతుండాది.
దించు, దించు అనే ఆ అరుపు
చెవుల్లో ఎప్పుడో ఆరిపోయింది,
పిక్కల్లో ఇంకా ఉండాది.

పన్నెండో రోజో పదమూడో రోజో
ఆ చివర గోడ దాకా పొయ్యి తిరిగొచ్చినాను.
షమీనా చప్పట్లు కొట్టింది.
అప్పుడు చూసుకున్నా.
కుడికాలు పైనే ఉండాది, బుద్ధిగా.
ఎడమది అంచు దాటి జారి
బొటనవేలి కొసతో నేలని
తాకీ తాకనట్టు అడగతా ఉండాది:
ఉండావా?

ఇంటికాడ ఆయన కాఫీ ఊదుకుంటా
"ఏందే, ఇన్నేళ్లకి బండి నేర్చుకుంటుండావా?" అన్నాడు.
"లేదు. అప్పుడు నువ్వు దించమంటివే,
ఆ కాళ్లని పైకెక్కిస్తుండా."
ఆయనకి అర్థం కాలా.
చెప్పేదానికి టైము లేదు, పిండి పొంగతా ఉండాది.

కొత్త చెప్పులు ఇంకా కొనలా.
ఎడమకాలు ఏమంటుందో చూసి.