బొటనవేలి పక్కిల్లు

బోరా గాలి మొదలైన మూడోనాటి పొద్దున
నీవెస్ కాఫీ తాగుతుంటే
ఎడమ పెదవి కొసనుంచి కారి
తను తొడుక్కున్న నా చొక్కా మీద పడింది.
నవ్వింది.
సగం నవ్వింది.
మిగతా సగం నావైపు ఊరికే చూస్తూ ఉండిపోయింది,
అద్దెకున్నవాళ్ళు చెప్పకుండా ఖాళీ చేసిన వాటాలా.

త్రియెస్తే రేవులో అందరూ గాలినే తిట్టారు.
చేపలమ్మే ఒండీనా తన ఉన్ని కండువా తీసి ఆమె మెడకి చుట్టి
తలుపుసందు గాలి కత్తికన్నా చెడ్డదంది.
నాకు వినపడదు, పెదాలు చదివాను.
డాక్టరు గాలి కాదన్నాడు.
చెవి వెనక ఎముకలో సన్నటి సొరంగం,
నరం వాచి అందులో ఇరుక్కుందన్నాడు.
మాత్రలు, కంట్లో చుక్కలు,
రాత్రిళ్ళు రెప్ప మూసి అంటించడానికి పట్టీ.

నేను పుట్టుచెవిటివాణ్ని.
మా చేతుల భాషలో ప్రశ్న కనుబొమల్లో ఉంటుంది.
తిన్నావు అన్నా తిన్నావా అన్నా చేతులు ఒకటే,
ఆ చివరి దీర్ఘం నుదురు పలకాలి.

నీవెస్ కోర్టులో మాలాంటివాళ్ళకి దుబాసీ.
జడ్జీ "దొంగిలించావా" అంటే
తన మొహం మీద అది "దొంగిలించావు" అయితే ఎట్లా?
సెలవు పెట్టేసింది.
ఆ చలికాలమంతా మా ఇంట్లో
ప్రశ్నలు ఒక పక్కే లేచేవి.
వెళ్తున్నావా అని అడుగుతోందో
వెళ్తున్నావని తేల్చేస్తోందో,
కోటు వేసుకుని గుమ్మంలో నిలబడి
కుడి కనుబొమనొక్కదాన్నే నమ్మాల్సి వచ్చేది.
ఒకసారి నమ్మలేదు.
ఆ రాత్రి దెబ్బలాటలో ఆమె కోపం నాకు సగమే చేరింది,
అందుకు ఇంకా కోపం వచ్చింది.

ఐదో నెలలో, కొండమీది ఆసుపత్రిలో
అయస్కాంతపు గొట్టంలో పడుకోబెట్టారు.
మూతి బిగించు, వదులు. పిడికిలి బిగించు, వదులు.
దాని మోత ఎట్లా ఉందో చేతుల్తో చూపించింది:
రేకుల మీద వడగళ్ళు.
నాకు వడగళ్ళు తెలుసు.

పరిశోధకురాలు యాస్నా కాగితం మీద గీసి చెప్పింది.
మెదడులో ముఖానికో పేట ఉందట,
బొటనవేలి పక్కిల్లే పెదవిది.
కిందికి పంపిన మాట గమ్యం చేరక
తిరుగుజవాబు రాక
పెదవి కొన్నాళ్ళు దీపం పెట్టుకు కూచుంది.
తర్వాత వత్తి తగ్గించింది.
అప్పుడు చెయ్యి, మెల్లగా, అడక్కుండా,
మధ్యగోడ జరుపుకుంది.
"రోజంతా చేతుల్తో మాట్లాడతారు కదా, అందుకేనేమో.
ఒక్కరిని చూసి చెప్పలేం" అని కింద రాసిచ్చింది.

దెబ్బ తగిలింది చెవి వెనక.
సామాన్లు సర్దుకున్నది నడినెత్తిన.
తెర మీది ఆ నారింజరంగు మచ్చని చాలాసేపు చూశాను.
మేం పడ్డ గొడవలన్నీ అక్కడున్నట్టనిపించింది.
"అది నా చెయ్యి," అంది నీవెస్,
చేత్తోనే.

ఎండాకాలానికి నరం తిరిగొచ్చింది,
తోవ కాస్త తప్పి.
పెదవికి పోవాల్సిన పోగు ఒకటి కంటికి పోయింది.
ఇప్పుడు నవ్వితే ఎడమ కన్ను మూసుకుంటుంది.
సూపు తాగుతుంటే ఆ కంట్లోనే నీళ్ళు,
దుఃఖం ఏమీ లేకుండా.
వారానికి రెండుసార్లు అద్దం ముందు కూచోబెట్టి
నవ్వునీ రెప్పనీ విడదీయమంటారు.
కొంచెం విడివడ్డాయి.
కొంచెం లేదు.

మొన్న బస్సులో నాకెదురుగా కూచుని
ఏదో తలుచుకుంటోంది.
పెదవి కదిలీ కదలకముందే ఆ కన్ను ముడుచుకుంది,
పట్టేశాను.
ఏంటి, అన్నాను, రెండు బొమలూ ఎత్తి.
ఏం లేదు, అంది.
ఎడమ కనుబొమ వెంట్రుకవాసి లేచింది.
అది ప్రశ్నో కాదో
ఇంకా అడగలేదు.