రోహిణి కార్తెలో హీటరు

ఆటోనగర్ నాలుగో రోడ్డు.
ఎండలో స్పానరు మరిచిపోతే
గుడ్డ చుట్టి తీయాలి.
కొర్రా బొంజుబాబు జీపు క్లచ్చు కోసం వచ్చాడు,
చింతపల్లి అవతల నుంచి, రాత్రంతా తోలుకుంటూ.
బిల్లు కట్టాక కూడా కదల్లేదు.
"ఇంకోటుంది బాజీ మేస్త్రీ. నవ్వకూడదు."
నవ్వనన్నాను.
"క్యాబిన్లోకి హీటరు కావాలి."

పక్క షెడ్డు పెయింటరు నవ్వాడు.
ఎదురు టైర్ల కొట్టు మొత్తం నవ్వింది.
మజ్జిగ బండి వీరనాగమ్మ
"తలుపు తీసుకుని నిలబడు నాయనా, అదే హీటరు" అంది.

ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో
హీటర్లు పీకిన చెయ్యి నాది.
కారుతోందని తెస్తారు.
రెండు గొట్టాలూ కోసి, ఒకదానికొకటి తగిలించి
క్లిప్పు బిగించి, బైపాస్ కొట్టేశానంటాను.
మళ్లీ పెట్టమని ఒక్కడూ అడగలేదు.
రాగి కోరు కిలోల లెక్కన పాత సామాన్లకి.
నాకు తెలిసిన చలల్లా
డిసెంబరులో రెండో షో వదిలాక బ్యారేజీ మీద గాలి,
చొక్కా పైగుండీ పెట్టుకుంటే పోయేది.

అతని చలి వేరు.
పొద్దున్నే బానెట్టు మీద తెల్లగా గీకాలట.
లోపలి అద్దానికి మన ఊపిరే పొర కడుతుందట,
ఒక చెయ్యి తుడవడానికి, ఒక చెయ్యి తోలడానికి.
ఇంకేదో ఉందనిపించి ఊరుకున్నాను.
పోయిన పుష్యంలో
బాలింతనీ రెండ్రోజుల పిల్లనీ గూడేనికి చేర్చాడు.
తలుపు సందుల్లో న్యూస్ పేపర్లు కుక్కాడు.
దించేటప్పటికి
పిల్ల పాదాలు నీలం.
"ఏం కాలేదు, బతికింది" అన్నాడు గబుక్కున,
నేనేదో అడుగుతానని భయపడ్డట్టు.

కరెంటుది చూపించాను.
సిగరెట్టు సాకెట్లో గుచ్చితే చాలు, చవక.
వేడి మటుకు జుట్టారబెట్టేంత కూడా రాదు,
బ్యాటరీని మాత్రం తాగేస్తుంది.
ఘాట్లో బండి మొరాయించిందా
చలికి తోడు చీకటి.

డీజిలుది ఉంది. ఇంజను ఆపినా మండుతుంది.
మంచిదే. కానీ పొగ గొట్టం ఎక్కడైనా చిట్లితే
వాసన లేని విషం
వెచ్చగా జోకొడుతుంది.
పసిపిల్ల ఎక్కే బండికి నేను బిగించను.
రెట్టింపిస్తానన్నా బిగించను.

ఇక నీళ్లది.
ఇంజను ఎలాగూ పారబోసుకునే వేడే,
కాస్త మళ్లించుకోవడం.
"పావుగంటైనా పడుతుంది వేడెక్కడానికి" అన్నాను.
"పొయ్యికీ అంతే కదా" అన్నాడు.

పాత సామాన్ల వాడు తూకం రాళ్ల వెనక నుంచి
ఒక కోరు తీశాడు.
నేను అమ్మిందే, నా సుత్తి దెబ్బ నాకు తెలుసు.
ఈసారి కిలో ధర చెప్పలేదు,
పీసు ధర చెప్పాడు దొంగ.

జకరయ్య టంకం వేశాడు. తొట్టిలో ముంచి
గాలి కొట్టాం. బుడగ రాలేదు.
గాలికి రెండు నోళ్లు: ఒకటి అద్దానికి.
"బాలింత ఎటు కూచుంటుంది?"
"ఎడం పక్క."
"పిల్ల?"
"ఒళ్లో."
సీటు మీద నుంచి కొలిచాను:
జానెడు, మూడు వేళ్లు.
అక్కడ కోశాను రేకుని.

మధ్యాహ్నం రెండింటికి
అద్దాలెక్కించి, ఫ్యాను వేసి, ఇద్దరం లోపల.
నాలుగో రోడ్డంతా చుట్టూ చేరింది.
చెమట కళ్లలో పడి ముళ్లు కనపడని మీటరు.
అతను ఎడం పక్క కూర్చుని
ఒళ్లో చేతులు దొన్నెలా పెట్టి
"వస్తోంది మేస్త్రీ" అన్నాడు.
ఇంకో రెండు నిమిషాలాగమన్నాను.
జాయింట్లు చూడాలి కదా.
చూడ్డం అయిపోయింది కూడా,
అయినా ఆగమన్నాను.

వీరనాగమ్మ గ్లాసుతో అద్దం మీద కొట్టింది:
"చస్తార్రా, దిగండి."