మినిట్స్ బుక్కు, నలభై ఒకటో పేజీ

కొత్తవాడ సంఘం గోదాంల కుర్చీలు ఏడు.
వచ్చినోళ్లు పదకొండు మంది.
ఇది నేను బుక్కుల రాయలేదు.
చంద్రమొగిలి తాత
అమ్ముడుపోని ఎర్రగీతల జంపఖానా ఒకటి దులిపి పరిచి
"కుర్చీలు పక్కకు జరుపుర్రి" అన్నడు.
మోకాళ్ల నొప్పుల జిన్నింగు మిల్లు సేటు విశ్వనాథం
గోడ పట్టుకొని సగం సగం కూసున్నడు.
బ్యాంకు మేడం చెప్పులు విడిచింది.
మున్సిపాలిటీ ఇంజినీరు సారు మాత్రం నిలబడే ఉన్నడు,
ఎప్పుడన్న ఫోను రావొచ్చని.

పర్వతగిరి దిక్కు తండా నుంచి బానోతు చాందీ
కొంగుముడి విప్పి పిడికెడు పత్తి నడుమ పెట్టింది.
"మా చేన్ల పత్తి ఇది.
ఏనుమాముల కాంటా మీద పేరు పోగొట్టుకుంటది.
లారీ ఎక్కి కోయంబత్తూరు పోతది.
నూలై, ఇంటిపేరు మార్చుకొని
మళ్ల మీ మగ్గానికే వస్తది.
పోను కిరాయి ఎవలిది? రాను కిరాయి ఎవలిది?"

ఎవలూ మాట్లాడలే.
రేకుల మీద ఉడుత ఉరికిన చప్పుడు.
తాత తన పంజా అరిగిన పళ్లను
వేలితోని తడుముకుంటున్నడు.

తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడిన్రు.
నేను కలం ఆపిన.
అద్దకపు నీళ్ల ముచ్చట వచ్చేసరికి
సంఘం మున్సిపాలిటీని చూపెట్టింది,
మున్సిపాలిటీ టెండరును చూపెట్టింది,
టెండరు ఎవలను చూపెడతదో ఎవలకెరుక.
పాలిటెక్నిక్ ఫసియుద్దీన్ సారు సంచిల నుంచి సీసా తీసిండు:
నాలా నీళ్లు, ఇసుక, బొగ్గు,
పిల్లలు కట్టిన తొట్టి దాటి వచ్చినయి.
తాత మూత తీసి వాసన చూసిండు.
"నీలం పోలే సారూ, నిద్రపోయింది."
సారు నవ్వలే. రాసుకున్నడు.

తండా పత్తి యాభై క్వింటాళ్లు
విడిగ గింజ తీయాలె, మూతబడ్డ నూలు షెడ్డుల ఇక్కడనే వడకాలె.
"యాభై క్వింటాళ్లకు నా మిల్లు ఆపాల్నా?" సేటు.
"ఐతారం నీ మిల్లు ఏం చేస్తది?" చాందీ.
చానాసేపటికి అన్నడు:
"పండుకుంటది."
"లేపు."

తీర్మానం రాసి పైకి చదివిన:
రైతులకు మిల్లు, మిల్లుకు సంఘం, సంఘానికి బ్యాంకు సహకరించును.
"ఆగు. ఆ సహకరించును కొట్టెయ్.
ఆ మాట మీద మా తండాల
ఇప్పటికి మూడు బోర్డులు తుప్పు పట్టినయి.
కొనును అని రాయి.
ఎంతకో రాయి. ఏ తారీకుకో రాయి."
కొట్టేసిన.
పేజీ మొత్తంల ఆ కొట్టివేతే
కొట్టొచ్చినట్టు కనబడ్డది.
సంతకానికి ఇంజినీరు సారు కూడ
కూసుండక తప్పలే.

అందరు పోయినంక జంపఖానా మడత పెట్టిన.
పోగుల సందుల్ల నాలుగు పత్తిగింజలు.
కిటికీల సారు మరిచిన సీసా:
పైన తేట, అడుగున వేలెడు నీలం.
దాన్ని ఎవలు పారబోయాలె, ఎక్కడ పారబోయాలె?
నలభై రెండో పేజీ తెరిచి
మొదటి అంశంగ
అదే రాసి పెట్టిన.