గొంగడి

"ఎవ్వల్నీ తొక్కనియ్యకు" అని ఎస్సై సారు
ఫొటోల పిలగాని కోసం జడ్చర్ల వోయిండు.
దుందుభి ఒడ్డు, పల్లిచేను.
ఆశన్న బోర్ల వడి ఉన్నడు.
ఆరు మూరల అవతల
మడిమె అరిగిన చెప్పుజాడ, ఒక్కటే.
నడుమ నేను, నా కర్ర.

రెండోజామున వాన అందుకున్నది.
గొంగడి ఒక్కటే ఉండె.

జాడ మీద కప్పిన.
మూలమూలకు రాయి వెట్టిన.

గట్టు మీదికెల్లి వాళ్లక్క ఊశమ్మ మొత్తుకున్నది:
"మన్నుకు కప్పినవురా!
మనిషి నానవట్టె!"
ఏమని జెప్పాలె.
ఎట్ల సచ్చిండో ఆయన జెప్పడు.
మన్ను జెప్తది, చెదరకుంటె.

తెల్లారి టేపు వట్టిన్రు.
తెల్లపిండి కలిపి జాడల పోసిన్రు,
అది గట్టివడేదాక ఎవ్వలూ మాట్లాడలే.
రైటరు రాసుకుంట పైకి సదివిండు:
శవం తడిసి యున్నది.
అడుగుజాడ పొడిగా యున్నది.
కింద నా ఏలుముద్ర.

గొంగడి ఎన్నిసార్లు ఎండేసినా
ఒక మూల పచ్చిగనే తాకుతది నాకు.

మూడేండ్లకు, నాగర్‌కర్నూలు కోర్టుల
నల్లకోటాయన అడిగిండు:
"రాత్రంత వాన గదా,
జాడ ఎట్ల మిగిలింది?"

చెప్పిన.

ఎనక బల్ల మీద
ఊశమ్మ కొంగు సర్దుకున్నది.