ఏడో ఆము

శాలిహుండం కొండ కింద, వంశధార ఒడ్డున
ఏడోసారి ఆము పేర్చాం.
ఆరుసార్లు ఓడిన లెక్క నా నోటుబుక్కులో ఉంది:
మొదటిది మొత్తం ఎర్రగా,
రెండోది మొత్తం నల్లగా,
మూడోది వానకి బలి.
మిగతావి చదివి వినిపించను.

మాకు కావలసింది
లోపల కాటుక, బయట కుంకం ఉన్న గిన్నె.
రెండు వేల ఏళ్ళ కిందట ఎవరికో
రోజువారీ పనిగా వచ్చిన గిన్నె.

"ఒక్క కుండకి రెండు నాయాలేటి బాబూ?"
అంటుంది కింతలి బోడెమ్మ.
అంటూనే గిన్నెల నిండా ఊక కూరి
బోర్లిస్తుంది.
తాటికమ్మలు, పిడకలు, తడిగడ్డి,
పైన చేత్తో బురద పూత.

నా దగ్గర కరెంటు ధర్మామీటరు. తీగ ఆములోకి దోపి
అంకెలు చదువుతాను: ఆరొందల ఇరవై. ఆరొందల ఎనభై.
ఆమె ముక్కుతో చదువుతుంది.
"ఊక ఇంకా పచ్చిగా ఏడుస్తంది. ఆగు."
ఏడొందల పది దగ్గర తీగ తెగింది.
ఆ తర్వాత రాత్రంతా నోటుబుక్కులో
ఆమె ముక్కే ఉంది:
పదకొండున్నర, చేదు.
ఒంటిగంట, మాడిన నువ్వులు.
రెండుంపావు, ఏ వాసనా లేదు, కన్నాలు మూసెయ్యమంది.

తెల్లారి బూడిద తోడితే
పద్నాలుగింట్లో మూడు.
మూడే. కానీ లోపలి నలుపు
అంచు దాకా వచ్చి, గీత గీసినట్టు ఆగిపోయింది.
ఆమె మనవడు గోటితో మీటితే ఖంగుమంది.
పడవలో పోతున్న గవరయ్య తెడ్డు ఎత్తి కేకేశాడు.

అప్పుడు నేను సుత్తి తీశాను.
లోపలి పొర చూడాలి,
పొలంలో దొరికిన పాత పెంకు పక్కన పెట్టాలి.
పద్ధతి అది.
వాళ్ళిళ్ళల్లో కుండ కావాలని పగలగొట్టేది
ఒక్క చోటే, శవం దగ్గర.
"నాను ఇటు తిరుగుతాను, కానీ" అని
ఏటివైపు తిరిగి కూర్చుంది.
చప్పుడుకి వీపు మాత్రం కదిలింది.

రెండు ముక్కలూ నా అరచేతిలో.
మాదానికి నడిమధ్య బూడిదరంగు పట్టీ, చింతగింజంత.
పాతదానికి వెంట్రుకంత.
"రాలేదు" అన్నాను.

చాలాసేపటికి లేచొచ్చి
పాత పెంకు లాక్కుని,
నేను వారించేలోగా
నాలిక మీద ఆనించింది,
పులుసులో ఉప్పు చూసినట్టు.
"ఇది ఏటిమట్టి కాదు బాబూ.
సెరువుమట్టి. ఊకబూడిది కలిపినారు.
ఇన్నాళ్ళూ దీన్ని అద్దాలపెట్టెలో దాసినావు,
ఒక్కపాలి నాకనిచ్చినావు కాదు."

రాసుకోడానికి పెన్ను వెతుకుతుంటే
మిగిలిన రెండు గిన్నెల్లో ఒకదాన్ని
ఏట్లో కడిగి తెచ్చి
మనవడికి చద్దన్నం పెట్టింది.