చెత్తబండి పుస్తకం

లాకుల పక్క ఫంక్షన్ హాలు గేటుకి
మునిసిపాలిటీ నోటీసు అంటించాను.
మైదా జిగురు ఆరకముందే
కాలవ గాలి ఓ మూల లేపింది.

"ఆ రోజు ఖాళీ లేదండి" అన్నాడంట మేనేజరు,
పెళ్లివారిది ఏ పేటో విన్నాక.
నా పుస్తకంలో ఆ తేదీ, ఆ హాలు:
ఒక్క ఎంగిలాకు లేదు. సున్నా.
కమిషనరు గారు ఆ సున్నా కింద
ఎర్రగీత గీశారు.

జరిమానా పాతికవేలు.
వేలు తడుపుకుని లెక్కెట్టాడు ఓనరు.
ఒక పూట అద్దె.

కెజియా పెళ్లి గట్టు మీదే అయ్యింది,
టార్పాలిన్ కింద, వానలో.
ఆ విస్తళ్లు నేనే ఎత్తాను,
పులుసూ వాననీళ్లూ కలిసి
బండి బరువెక్కింది.
అదీ రాశాను పుస్తకంలో.

లేచిన మూలని బొటనవేలితో
అదిమి పట్టుకున్నాను,
డ్రైవరు హారను కొడుతున్నా,
ఆరేదాకా.